మొదటి బిందె గోడకి

సాంబశివరావూ, ఆదెమ్మను నువ్వు అమ్మేశావు. బస్తాల్లో నింపి, లారీకెత్తి, కాటా వేయించి అమ్మేశావు. ఆమె పడిన బట్టీని ఆర్పలేదు. అడుగు నుంచి సున్నం లాగడం ఒక్క పూట ఆపలేదు. ఆ సున్నం ఏ ఊరు చేరిందో, ఏ గుడి ప్రహరీకి కొట్టారో, ఏ పెళ్ళింటి గోడకి పూశారో నీకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నీకు లేదు. ఎస్సైగారూ, మీరు జీపు దిగకుండానే విచారణ ముగించారు. సెగ కొడుతోందని అద్దం పైకి ఎత్తుకున్నారు. ఇక తెల్లటి గోడలు చూసి ఇల్లు కళకళలాడుతోందని మురిసే మనం ఉన్నాం. ఆ తెలుపు ఎక్కడిదని మనలో ఒక్కడూ అడగలేదు.

జరిగింది ఇది.

గురజాల నుంచి మాచర్ల వెళ్ళే రోడ్డు పక్కన, రెంటచింతల దాటాక, సాంబశివరావు సున్నపు బట్టీలున్నాయి. బట్టీ అంటే నిలువుగా కట్టిన పెద్ద కుండలాంటిది. పైనుంచి రాయీ బొగ్గూ పోస్తూ ఉండాలి, కింద నుంచి కాలిన సున్నం లాగుతూ ఉండాలి. పోసేది ఆడవాళ్ళు. నెత్తిన తట్ట పెట్టుకుని ర్యాంపు ఎక్కి, నోరు తెరుచుకున్న మంట అంచున నిలబడి, తట్ట బోర్లించి దిగి వస్తారు. అంచుకి కమ్మీ ఉండదు, మూతికి పాతచీర ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. పైన పొగ పీలిస్తే తల తిరుగుతుంది. తల తిరిగిందని చెబితే మర్నాడు పని ఉండదు.

ఆ రోజు బట్టీ ప్రహరీ మీద పీర్ సాహెబ్ సాంబశివరావు బొమ్మ వేస్తున్నాడు. సాంబశివరావుకి పార్టీలో ఏదో పదవి వచ్చింది. ఫ్లెక్సీ కట్టిస్తే రెంటచింతల ఎండకి నెల తిరక్కుండా ముఖం వెలిసిపోతుందని, గోడ మీదైతే నిలుస్తుందని పీర్ సాహెబ్‌ని పిలిపించాడు. ఫ్లెక్సీలు వచ్చాక పీర్ సాహెబ్‌ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఒకప్పుడు పల్నాడులో ఏ ఎన్నికలొచ్చినా అన్ని పార్టీల గుర్తులూ అతని కుంచెతోనే గోడలకెక్కేవి. గెలిచినవాడు ఓడినవాడి గుర్తు చెరిపించడానికి మళ్ళీ అతన్నే పిలిచేవాడు. వేసిన చేత్తోనే చెరిపి చెరిపి అతనికి దేని మీదా నమ్మకం లేకుండా పోయింది. ఇప్పుడు మిగిలింది నడుం నొప్పి, ఒక నిచ్చెన, నిచ్చెన కట్టుకుని తిరిగే పాత మోపెడ్.

రంగు చిక్కబడితే కిరసనాయిలు కలుపుదామని నిచ్చెన దిగాడు. డబ్బా తీసుకోవడానికి వెనక్కి తిరిగాడు. ర్యాంపు మీద ఆడవాళ్ళ వరస. అందరికంటే ముందు ఆదెమ్మ. తట్ట నెత్తి మీది నుంచి దించింది. అంచున పెట్టింది. ఒకసారి ఊగింది. మోకాళ్ళు ముడుచుకుపోయాయి. అంతే. తట్ట అంచునే ఉంది, మనిషి లేదు.

వెనకనున్న దయామణి కేక పీర్ సాహెబ్ చెవుల్లో ఇంకా ఉంది. ఆడవాళ్ళు ర్యాంపు మీదే కూలబడ్డారు. "బట్టీ ఆర్పండయ్యా, తియ్యండయ్యా" అని గుండెలు బాదుకున్నారు. మేస్త్రీ నాగార్జున పరిగెత్తుకొచ్చి ఫోను చేశాడు. అవతల సాంబశివరావు ఏం చెప్పాడో, ఫోను పెట్టేసి అతను అన్న మాట ఒక్కటే.

"ఆర్పేది లేదు. దిగండి కిందకి. ఎవురన్నా నోరు తెరిచారా, ఎముకల్లో సున్నం లేకుండా కొడతా."

బట్టీ మండుతూనే ఉంది. సాయంత్రం లారీ మామూలుగా వచ్చింది, మామూలుగా వెళ్ళింది.

*

ఆదెమ్మ తల్లి ఆదిలక్ష్మమ్మ స్టేషన్‌కి వెళ్ళింది. ఆమెతో పాటు పీర్ సాహెబ్ కూడా వెళ్ళాడు. వెళ్ళాలని అతనికి లేదు. చూసినవాడు వెళ్ళకపోతే ఇంకెవరు వెళతారని కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

"ఏమైందో చెప్పమ్మా" అన్నాడు రైటరు.

"మా పిల్ల పోయింది బాబయ్యా" అంది ఆదిలక్ష్మమ్మ.

కన్నబిడ్డ గురించి చచ్చిందని ఏ తల్లీ అనదు. ఆ ఇళ్ళల్లో ఆ మాట పశువుకి వాడతారు, పగవాడికి వాడతారు. మనిషికి పోయింది అంటారు. రైటరుకి ఇది తెలియక కాదు. అతనిదీ ఈ జిల్లానే, అతని ఇంట్లోనూ అలాగే అంటారు. కానీ కాగితం మీద 'ఇల్లు విడిచి వెళ్ళిపోయినది' అని రాశాడు. చదివి వినిపించలేదు. వేలిముద్ర వేయించుకున్నాడు.

తర్వాత ఎస్సై పీర్ సాహెబ్‌ని పిలిచాడు.

"నువ్వు గోడకి రంగేస్తన్నావు గదా?"

"అవున్సార్."

"గోడ ఎటుంది నీకు?"

"ముందుంది సార్."

"బట్టీ?"

"వెనక."

"మరి నీ వీపుకేమన్నా కళ్ళున్నాయంట్రా సాయిబూ?"

చుట్టూ ఉన్న కానిస్టేబుళ్ళు నవ్వారు. పీర్ సాహెబ్ ఓపిగ్గా చెప్పాడు. "రంగు కలపను దిగా సార్. తిరిగా. చూశా. ఊగింది, పడింది."

"కిరసనాయిలు వాసనకి ఊగింది నువ్వు. పో, పోయి పని చూసుకో."

మర్నాడు ఎస్సై జీపు బట్టీ దాకా వచ్చింది. ఆడవాళ్ళని జీపు కిటికీ పక్కన వరసగా నిలబెట్టి అడిగారు. సాంబశివరావు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళుండే కాలనీ అతని స్థలంలో ఉంది, వాళ్ళ ఇళ్ళల్లో బల్బు అతని మీటరు మీద వెలుగుతుంది. దయామణి తల వంచుకుని, "నేనేం చూళ్ళేదయ్యా, పొగ" అంది. ఆమె తర్వాత నిలబడినవాళ్ళందరూ అదే మాట అన్నారు. పొగ, పొగ, పొగ.

"విన్నారుగా" అన్నాడు సాంబశివరావు. "కన్నతల్లే రాసిచ్చింది పోయిందని. వయసులో ఉన్న పిల్ల, ఎవడితో పోయిందో! మిరపకాయల కోతలకని కృష్ణ దాటి ఆ పక్కకి పోయుంటది. నాలుగు రోజులు చూడండి, అదే వస్తది."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. చచ్చినదాన్ని లేచిపోయినదాన్ని చేశారు. బిడ్డ ప్రాణం పోయింది, దాంతో ఆగలేదు. పేరు కూడా తీశారు.

*

ఆదిలక్ష్మమ్మ రెంటచింతలలో పీర్ సాహెబ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలో కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"పీరన్నా, నువ్వు నోటితో చెబితే వాళ్ళు రాసుకోలేదు. నేను ఒకటి చెబితే ఇంకోటి రాసుకున్నారు. నీ చేతిలో బొమ్మలేసే ఇద్దె ఉందిగా. మా పిల్ల పడటం గోడ మీద వెయ్యన్నా. నలుగురూ చూస్తారు."

పీర్ సాహెబ్‌కి వచ్చింది నాయకుల ముఖాలు, సిమెంటు బస్తాలు, ఎరువుల డబ్బాలు, 'ఇక్కడ మూత్రము పోయరాదు'. మనిషి చావు వేయమని ఎవరూ అడగలేదు.

"గోడ మీదేస్తే ఏమవుద్ది చెల్లెమ్మా? రేపొచ్చి చెరుపుతారు. చెరపటానికి నన్నే పిలిచినా పిలుస్తారు. నేను చానా గోడలు చూశాలే."

"చెరిపితే చెరపనీ. ఒక్క రోజన్నా ఉంటది గదా."

లోపలి నుంచి అతని భార్య గుల్షన్ గొంతు లేచింది. "అజీ, ఈ వయసులో రాజకీయాలు మొదలుపెడతారా? మనింటి గోడకి సున్నం కొట్టే దిక్కు లేదు, ఊళ్ళో గోడలకి న్యాయం చేస్తారంట!" అంటూనే ఆమె మంచం కింద చెయ్యి పెట్టి, ఏవేవో పార్టీల పనుల్లో మిగిలిన రంగు డబ్బాలు ఒక్కొక్కటే బయటికి నెట్టింది. "ఆ పచ్చది గడ్డకట్టింది. నల్లది బాగానే ఉంది" అంది, ఎవరి వంకా చూడకుండా.

*

కాలనీ మొదట్లో నీళ్ళ ట్యాంకు ఉంది. పంచాయతీ కట్టించిన నేల ట్యాంకు. దాని గోడకే కుళాయిలున్నాయి, ఆ గోడ రోడ్డుకి ఎదురుగా ఉంటుంది. మాచర్ల బస్సు అక్కడే ఆగుతుంది. అది సాంబశివరావు స్థలం కాదు. కాలనీ మొత్తంలో అతనిది కాని గోడ అదొక్కటే.

ఆదివారం చర్చి వదిలే వేళకి పీర్ సాహెబ్ నిచ్చెన వేశాడు. నల్ల ఎనామిల్‌తో ముందు బట్టీ గీశాడు, ర్యాంపు గీశాడు. తర్వాత పెద్దగా ఆదెమ్మ ముఖం. చేతికి అలవాటైన పనే చేసింది చెయ్యి. నాయకుల బుగ్గలకి పూసే గులాబీ రంగు కలిపి ముఖమంతా నింపాడు. దిగి వెనక్కి నడిచి చూశాడు. ప్రార్థన నుంచి వచ్చిన ఆడవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు.

"ఎవురిది?" అంది ఒకామె.

"ఆదెమ్మే."

"ఆదెమ్మ యాడుంది అక్కడ? ఎవురో సబ్బు అమ్మేదాన్ని ఏశావు!"

నవ్వొచ్చింది వాళ్ళకి. ఆ చావు తర్వాత మొదటి నవ్వు. అది సగంలోనే ఏడుపుగా మారింది. ఆదిలక్ష్మమ్మ మాత్రం ఏడవలేదు. "మా పిల్ల నలుపన్నా" అంది మెల్లిగా. "బట్టీ నుంచి వచ్చినప్పుడు తెలుపు. రెప్పల మీద, బొమల మీద సున్నం. కడిగితే నలుపు. మూతికి నా పాతచీర ముక్క కట్టుకునేది, ఆకుపచ్చది."

పీర్ సాహెబ్ సిగ్గుపడ్డాడు. గులాబీ మీద నలుపు పూశాడు. మూతికి గుడ్డ కట్టాడు. ఇక కనిపించేవి కళ్ళే. ఆ కళ్ళు రావడానికి అతనికి చాలా సేపు పట్టింది. వచ్చాక ఎవరూ అది ఎవరని అడగలేదు.

తర్వాత ర్యాంపు మీద వరస వేశాడు. బట్టీ నోటి దగ్గర తట్ట ఒక్కటే, మనిషి లేదు. వెనక ఆడవాళ్ళు, అందరి తలలూ ఆ తట్ట వైపే తిరిగి ఉన్నాయి. అప్పుడు దయామణి ముందుకొచ్చింది.

"సాయిబు మామా, ఆ తట్ట ఎనకున్నది ఎవురు?"

"నువ్వేగా."

"నన్నెందుకేశావ్? నేను చూళ్ళేదని చెప్పొచ్చా. తల అటు తిప్పు."

"నేను చూసినప్పుడు నీ తల ఇటే ఉంది."

"మామా, నా ఇంటి కింద నేల ఆయనది! ఇద్దరు పిల్లలతో నేను యాడికి పోవాల? నువ్వు రంగేసి మోపెడెక్కి పోతావు. పొద్దున్నే ర్యాంపెక్కేది మేము."

అది నిజం. పీర్ సాహెబ్ కుంచె డబ్బా మీద పెట్టి నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. "తుడిచెయ్యమంటే తుడిచేస్తానమ్మాయ్" అన్నాడు అలసటగా. "నాకది అలవాటే. కానీ నిన్ను తీసేస్తే ఆదెమ్మ పడ్డప్పుడు ఆడ ఎవురూ లేనట్టు అవుద్ది. ఒక్కతే పడ్డట్టు."

దయామణి గోడ వంక చూస్తూ నిలబడింది. తుడవమనలేదు, ఉంచమనీ అనలేదు. బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

కింద ఏం రాయాలనే దాని మీద ఇంకో గొడవ. గురజాలలో డిగ్రీ చదివే సాయి కిరణ్ కాలనీ కుర్రాడే. సెల్లులో రాసుకొచ్చిన నినాదం చదివాడు. పెట్టుబడి, దోపిడీ, నశించాలి, వర్ధిల్లాలి, అన్నీ ఉన్నాయి అందులో.

"అంత రాస్తే ట్యాంకు చుట్టూ తిరిగి చదవాలిరా" అన్నాడు పీర్ సాహెబ్. "బస్సు ఆగేది కాసేపు."

"ఆదెమ్మ పోయింది అని రాయండి" అంది ఒక ముసలామె.

"ఆ మాటే గదా కొంప ముంచింది!" అని అరిచారు నలుగురు.

"చనిపోయింది."

"తనంతట తను చనిపోయిందా?" అన్నాడు సాయి కిరణ్. "మనిషి పడితే బట్టీ ఆర్పకపోతే దాన్నేమంటారు? ఆ మాటే రాయండి. నాది వద్దులే, ఆ మాట రాయండి."

అందరూ ఆదిలక్ష్మమ్మ వైపు తిరిగారు. కన్నబిడ్డ గురించి నోట రాని మాట అది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది, తీసింది.

"చంపారని రాయి."

పీర్ సాహెబ్ రాశాడు. *ఆదెమ్మ ఎక్కడికీ పోలేదు. చంపారు.*

*

సోమవారం మాచర్ల బస్సు ఆగింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. డ్రైవరు ఇంజను ఆపి దిగి చూశాడు. సెల్లులు లేచాయి. మధ్యాహ్నానికి ఆ బొమ్మ ముప్పాళ్ళ దాకా, పెదకూరపాడు దాకా ఫోన్లలో తిరిగింది. బట్టీ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా ఆ తట్ట దగ్గర మనిషి ఏదని అడిగారు.

సాంబశివరావు కారులో వచ్చాడు, గోడ ముందు ఆగాడు, వెళ్ళిపోయాడు. సాయంత్రం మేస్త్రీ నాగార్జున సున్నం డ్రమ్ముతో వచ్చాడు.

ఇక్కడే అసలు దుర్మార్గం. బయటి నుంచి మనుషుల్ని తేలేదు. కాలనీ ఆడవాళ్ళ చేతికే చీపుర్లు, కుచ్చులు ఇచ్చాడు. "మీ గోడ మీరే శుభ్రం చేసుకోండి. కొట్టినోళ్ళకి రేపు పనుంది. కొట్టనోళ్ళు సామాన్లు సర్దుకోండి."

ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకామె కదిలింది. ఆమె వెనక ఇంకొకామె. తిట్టుకోవద్దు వాళ్ళని. కడుపు ముందు ఎవరి మెడ నిలుస్తుంది? దయామణి కూడా డ్రమ్ములో కుచ్చు ముంచింది. తన ముఖం మీద తనే కొట్టుకుంది. ఆదిలక్ష్మమ్మ డ్రమ్ములోకి చూస్తూ నిలబడింది. ఆ సున్నం ఏ రోజు లాగిందో ఆమె అడగలేదు. అడిగితే ఎవరు చెబుతారు?

"ఏందే ముసలీ అట్టా చూస్తన్నావ్?" అన్నాడు నాగార్జున. "పక్కకి జరుగు. ఎముకల్లో సున్నం..."

"మా పిల్ల ఎముకల్లో సున్నం కూడా మీరే తీసుకున్నారుగా నాయనా" అంది ఆదిలక్ష్మమ్మ. "ఇంకా ఎవురివి కావాల?"

నాగార్జునా కూలీ కొడుకే. తల పక్కకి తిప్పుకుని, "కానీండి, కానీండి" అన్నాడు. సున్నం గోడకి పట్టేలా జిగురు కలపమని చెప్పడం మర్చిపోయాడు. జిగురు డబ్బా ఆఫీసులో తాళం వేసి ఉంది కూడా. సాంబశివరావు పనివాళ్ళకి జిగురు కూడా లెక్క చూసి ఇస్తాడు. పలచటి వట్టి సున్నం. ఆరాక గోడ తెల్లగా, ఏమీ జరగనట్టు, ఎవరూ పుట్టనట్టు ఉంది.

పీర్ సాహెబ్ అది చూసి వచ్చి మంచం మీద వాలాడు. "చెప్పాగా" అన్నాడతను గోడ వైపు తిరిగి. ఓడిపోవడం కొత్త కాదు. ఈసారి ఎందుకో నడుం కంటే పైన ఎక్కడో నొప్పి.

*

రెంటచింతల ఎండల్లో కుళాయి దగ్గర గొడవలు లేని పూట ఉండదు. నీళ్ళొచ్చేది కాసేపు. ఆ ఉదయం కూడా వరస తప్పిందని దయామణికీ, వెనకింటామెకీ మాటా మాటా పెరిగింది. నిజానికి గొడవ బిందె గురించి కాదు. సున్నం నువ్వు ముందు కొట్టావంటే నువ్వు ముందు కొట్టావని. "నా ముఖం మీద నేను కొట్టుకున్నానే, నీకేం నొప్పి?" అంటూ దయామణి నిండు బిందె ఎత్తి విసిరింది. అవతలామె తప్పుకుంది. నీళ్ళు గోడకి తగిలాయి.

నీళ్ళు కారిన మేర గోడ నల్లబడింది. ఆ నలుపులోంచి రెండు కళ్ళు చూశాయి.

గొడవ ఆగిపోయింది. సున్నం కొట్టే చేతులే అవన్నీ. తడిమీద సున్నం పలచబడి అడుగుది కనిపిస్తుందని, ఆరితే తెల్లబడుతుందని ఆ వాడలో అందరికీ తెలుసు. తెలిసింది ఎవరికీ గుర్తుకు రాలేదు. ఎండకి ఆ కళ్ళు మెల్లమెల్లగా మూసుకుపోవడం మొదలైంది.

"పొయ్యండే!" అంది దయామణి. "పొయ్యండి, ఆరిపోతంది!"

పోశారు. తాగడానికి పట్టుకున్నవి పోశారు. ర్యాంపు వచ్చింది, తట్ట వచ్చింది, దాని వెనక వాళ్ళు వచ్చారు, అందరి తలలూ తట్ట వైపు తిరిగి. కింద అక్షరాలు వచ్చాయి. మాచర్ల బస్సు అప్పుడే ఆగింది.

ఆ రోజు నుంచి అదొక పద్ధతైపోయింది. ఎవరూ మీటింగు పెట్టి తీర్మానం చేయలేదు. కుళాయి రాగానే మొదటి బిందె గోడకి, రెండోది ఇంటికి. తాగే నీళ్ళకే కరువైన చోట మొదటి బిందె ఆదెమ్మకి. బస్సు వచ్చే వేళ చూసి మరీ పోసేవాళ్ళు. బస్సు దిగి ఒక చెంబు పోసి ఎక్కేవాళ్ళు కూడా తయారయ్యారు.

నాగార్జున డిస్టెంపర్ తెప్పించి మందంగా కొట్టించాడు. అది విని పీర్ సాహెబ్ చాలా రోజుల తర్వాత నవ్వాడు. "జిగురు లేని సున్నం మీద రంగు నిలుస్తదా?" అన్నాడు గుల్షన్‌తో. "కిందది పిండి. పైది ఎంత ఖరీదైందైతే ఏంది?" రెండు పూటలు బిందెలు పడేసరికి రంగు పొలుసులు పొలుసులుగా ఊడింది. ఊడుతూ కింది సున్నాన్ని కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు తడపాల్సిన పని లేదు. ఎనామిల్ మెరుస్తోంది. అయినా మొదటి బిందె ఆగలేదు. ముఖం కడిగినట్టు కడిగేవాళ్ళు.

*

పోలీసులు పీర్ సాహెబ్‌ని ఇంటి నుంచి నేరుగా స్టేషన్‌కి తీసుకుపోలేదు. పగలే, గోడ దగ్గరికి తీసుకొచ్చారు. ఊరు చూడాలని. ప్రభుత్వ ఆస్తి పాడు చేశాడు, జనాన్ని రెచ్చగొట్టాడు, ఇంకేవో చదివాడు ఎస్సై.

"దీన్ని నువ్వే చెరుపు. ఇదిగో రంగు. చెరిపితే ఇంటికి పోతావు."

పీర్ సాహెబ్ డబ్బా వంక చూశాడు. జీవితమంతా చెరిపాడు. ఇంకొక్కసారి చెరిపితే ఎవరేమంటారు? నడుం నొప్పిగా ఉంది. ఇంటికి వెళ్ళి పడుకోవాలని ఉంది. అతను వీరుడు కాదు. ఆ కథ మనం కట్టొద్దు.

"చానా చెరిపా సార్" అన్నాడు. "ఇంక చెయ్యి లేవటంలా."

ఎస్సై నవ్వాడు. "చూసినోడివి నువ్వొక్కడివి. గోడవైపు తిరిగి చూసినోడివి! ఈ బొమ్మలో ఉన్నోళ్ళంతా పొగ అన్నారుగా?"

గుంపులోంచి దయామణి వచ్చింది. చంకలో బిందె ఉంది. గోడ దగ్గరికి వెళ్ళి తట్ట వెనకున్న మనిషి మీద వేలు పెట్టింది.

"ఇది నేనయ్యా. తట్ట ఎనక ఉన్నా. అది ఊగటం చూశా. కొంగు పట్టుకోబోయా, అందలా. ఆ రోజు పొగన్నా. ఈ రోజు రాసుకో."

"దయామణీ..." అన్నాడు నాగార్జున. అందులో బెదిరింపు లేదు, భయం ఉంది.

వెనకింటామె వచ్చింది. "దాని ఎనకది నేను. నా తట్టలో బొగ్గు. చూశా." ఇంకొకామె వచ్చింది. "మలుపు కాడ ఉన్నది నేను. కేక ఇని తలెత్తా. తట్ట ఒక్కటే ఉంది." ఒక్కొక్కరే వచ్చి బొమ్మలో తమని తాము చూపించుకున్నారు. బట్టీలో వాళ్ళ పేర్లు ఏ హాజరు పట్టీలోనూ లేవు. గోడ మీద వాళ్ళున్నారు.

రైటరు పెన్ను తీయలేదు. ఎస్సై పీర్ సాహెబ్‌ని జీపెక్కించాడు. జీపు కదులుతుంటే గుల్షన్ గుంపులోంచి అరిచింది. "అజీ, నడుం పట్టీ పెట్టుకున్నారా?" జీపు లోపలి నుంచి అతను చెయ్యి ఊపాడు. పెట్టుకోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ర్యాంపు ఎవరూ ఎక్కలేదు. పిలుపు ఇచ్చింది ఎవరంటే ఎవరూ కాదు. తట్టలు బోర్లించి, ర్యాంపు మొదట్లో కూర్చున్నారు. గుల్షన్ వచ్చి ఆదిలక్ష్మమ్మ పక్కన కూర్చుంది. గురజాల నుంచి సాయి కిరణ్ కాలేజీ పిల్లలు వచ్చారు. సాంబశివరావు కాలనీ కరెంటు తీయించాడు. బయటి కూలీల్ని లారీలో తెస్తే, వాళ్ళు ట్యాంకు దగ్గర దిగి, గోడ చూసి, నీళ్ళు తాగి అదే లారీలో తిరిగి వెళ్ళారు. నాగార్జున ఒక్కడే తట్ట ఎత్తుకుని సగం ర్యాంపు ఎక్కాడు. పైకి చూశాడు. తట్ట దించి వచ్చి, అందరికీ దూరంగా, కానీ ఈ వైపే కూర్చున్నాడు.

తిండి పెట్టేవాళ్ళు లేక బట్టీ మంట కుంగింది. పొగ సన్నబడింది. మనిషి పడితే ఆర్పని బట్టీ, మనుషులు ఎక్కకపోతే ఆరిపోయింది. చల్లారిన బట్టీ గోడకి ఆదిలక్ష్మమ్మ చెయ్యి ఆనించి నిలబడింది. బిడ్డ నుదురు తాకినట్టు. జ్వరం తగ్గిందా లేదా అన్నట్టు.

వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. అలిసిపోయి ఉన్నారు. పిల్లలు గంజి తాగుతున్నారు. పీర్ సాహెబ్ ఇంకా బయటికి రాలేదు. చదివి పక్కన పెట్టడానికి కాదు ఇది రాసింది. బట్టీల్లో, క్వారీల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు రండి. చదువుకునే పిల్లలు రండి. వచ్చేటప్పుడు ఒక బిందె తెచ్చుకోండి.

పీర్ సాహెబ్‌ని వదలండి. బొమ్మలో వేలు పెట్టి చూపించిన ప్రతి ఆడమనిషి మాటా రాసుకోండి, రాసింది వాళ్ళకి చదివి వినిపించండి. 'వెళ్ళిపోయినది' కొట్టేసి 'చంపారు' అని రాయండి. బట్టీ చల్లబడింది, ఇక సెగ సాకు చెప్పకండి. జీపు దిగండి. తవ్వండి. అడుగు దాకా తవ్వి, జల్లెడ పట్టండి. ఏమీ దొరక్కపోతే దొరకలేదని రాయొద్దు.

అమ్మేశారని రాయండి.